పేరు వాళ్ళది, వేదిక మీద మనుషులు వేరు

ప్రొప్రైటరు గారికి,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళో అయినా జవాబు వ్రాయనందుకు మన్నించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, పెద్దవాడి పరీక్షలు అయిపోయాయి, మేడమీద గది పని మాత్రం ఆగిన చోటే ఆగింది. ఇంటి విశేషాలకు ఇంతటితో స్వస్తి చెబుతున్నాను. ఎందుకంటే ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే రాక్ సంగీత బృందానికి 1974లో ఎదురైన ఒక వ్యవహారం గురించి చదివాను. అది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆ పేరు వినగానే మనిద్దరికీ 1977 నాటి ‘రూమర్స్’ గుర్తుకొస్తుంది. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో 31 వారాలు అగ్రస్థానంలో ఉండి, ప్రపంచమంతటా నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ ఆల్బమ్ గురించి, అందులోని జంటల తగాదాల గురించి హాస్టల్లో నువ్వు చేసిన ప్రసంగాలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. నేను చెప్పబోయేది అంతకు మూడేళ్ళ ముందు సంగతి. అప్పటికి ఆ ఆల్బమ్‌లో పాడిన స్టీవీ నిక్స్ గానీ, గిటారిస్టు లిండ్సే బకింగ్‌హామ్ గానీ ఆ బృందంలో అడుగే పెట్టలేదు.

మొదట పేరు సంగతి చెప్పాలి. 1967లో లండన్‌లో పీటర్ గ్రీన్ అనే గిటారిస్టు జాన్ మేయాల్ బృందం నుంచి బయటికి వచ్చి సొంత బ్లూస్ బృందం పెట్టుకున్నాడు. తానే నాయకుడైనా తన పేరు పెట్టుకోకుండా డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్ పేరునూ, బాస్ గిటారు వాయించే జాన్ మెక్‌వీ పేరులోని మొదటి ముక్కనూ కలిపి పెట్టాడు. తమాషా ఏమిటంటే, ఆ ఏడాది ఆగస్టులో విండ్సర్ ఉత్సవంలో బృందం తొలిసారి వాయించినప్పుడు మెక్‌వీ ఇంకా చేరనేలేదు! పేరు చూసైనా వస్తాడని గ్రీన్ ఆశ; కొద్ది వారాలకే వచ్చాడు కూడా.

తరువాత ఆ బృందంలో గిటారిస్టులు నిలవలేదు. 1970లో గ్రీన్ వెళ్ళిపోయాడు. 1971లో జెరెమీ స్పెన్సర్ లాస్ ఏంజిలిస్‌లో బయటికి వెళ్ళి వస్తానని చెప్పి, ఒక మతశాఖలో చేరిపోయాడు. 1972లో డానీ కర్వన్‌ను వాళ్ళే తీసేశారు. 1973 చివర్లో, అమెరికా పర్యటన మధ్యలో, బాబ్ వెస్టన్‌కూ మిక్ భార్యకూ మధ్య ఉన్న సంబంధం వల్ల బృందంలో చిచ్చు రేగి పర్యటన అర్ధాంతరంగా ఆగిపోయింది. ఒప్పుకున్న కచేరీలు మాత్రం మిగిలిపోయాయి.

ఇక్కడే, మిత్రమా, పేరు ఎవరి చేతిలో ఉంటే బృందం వాళ్ళదేనన్న నీ రబ్బరు స్టాంపు సిద్ధాంతాన్ని అక్షరాలా అమలు చేసిన మహానుభావుడు రంగంలోకి దిగాడు. బృందం మేనేజరు క్లిఫర్డ్ డేవిస్ ఆ పేరు తనదేనని ప్రకటించి, వేరే వాద్యకారులను పోగుచేసి, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే పేరుతోనే 1974 జనవరిలో వాళ్ళను అమెరికా పంపించాడు! అందులో ఫ్లీట్‌వుడ్ లేడు, మెక్‌వీ లేడు, జాన్ భార్య, కీబోర్డు వాయిస్తూ పాడే క్రిస్టీన్ మెక్‌వీ లేదు, అప్పటి గిటారిస్టు బాబ్ వెల్ష్ లేడు. మన తిరునాళ్ళలో పేరున్న నటుడు వస్తున్నాడని టిక్కెట్లు అమ్మి, ఆ కిరీటం మరొకడి నెత్తిన పెట్టి నిలబెడితే జనం ఊరుకుంటారా? గాయకులు మారితే పోల్చుకోలేరేమో గానీ, డ్రమ్స్ వెనుక ఉండవలసిన ఆరున్నర అడుగుల మనిషి లేడన్నది ఎవరికి తెలియదు? ప్రేక్షకులు గొడవ చేశారు, పర్యటన కుప్పకూలింది.

నిజానికి ఆ వాద్యకారుల మీద నాకు కోపం రావడం లేదు. మిక్ తరువాత వచ్చి తమతో కలుస్తాడని చెప్పి తీసుకువెళ్ళారని వాళ్ళ వాదన. అలాంటి మాటే లేదని మిక్ వాదన. ఎవరిది నిజమో మనమెలా తేల్చగలం? వాళ్ళలో కొందరు తరువాత స్ట్రెచ్ అనే బృందంగా ఏర్పడి, ‘ఎందుకిలా చేశావు’ అని నిలదీసే పాట ఒకటి 1975లో విడుదల చేస్తే, అది బ్రిటన్‌లో 16వ స్థానం దాకా వెళ్ళింది. ఆ ప్రశ్న మిక్‌కే గురిపెట్టారని అంటారు. దొంగ బృందమని పేరుపడ్డవాళ్ళు అసలు వాణ్ణి నిలదీయడం అనేది నేనింకెక్కడా చూడలేదు.

అసలు బృందం ఆ పేరు కోసం కోర్టుకెక్కి, ఏడాదిలో చాలా భాగం కచేరీలు లేకుండా గడిపింది. ఆ వ్యాజ్యం కొన్నేళ్ళ తరువాత కోర్టు బయట రాజీతో ముగిసింది. అయితే నన్ను పట్టి కుదిపింది ఆ రాజీ కాదు, ఆ తగాదా వల్ల జరిగింది. ఇంగ్లండ్‌లో కూర్చుంటే పని కాదని బాబ్ వెల్ష్ పట్టుబట్టి అందరినీ 1974లో లాస్ ఏంజిలిస్‌కు మార్పించాడు. ఆ ఏడాది చివర్లో మిక్ స్టూడియో వెతుక్కుంటూ సౌండ్ సిటీకి వెళితే, అక్కడ రికార్డింగులు చేసే కీత్ ఓల్సన్ తన పనితనం చూపడానికి బకింగ్‌హామ్, నిక్స్ జంట పాట ఒకటి వినిపించాడు. కొద్ది రోజులకే వెల్ష్ వెళ్ళిపోయాడు. మిక్ ఆ గిటారిస్టు కావాలని కబురు పెడితే, స్టీవీ లేకుండా తాను రానన్నాడు బకింగ్‌హామ్. అంటే ఆ మేనేజరు పేరు కాజేయకపోతే వీళ్ళు అమెరికా చేరేవారా, చేరకపోతే ‘రూమర్స్’... సరే, ఇది తెగే లెక్క కాదు.

ఇదంతా వ్రాస్తున్నప్పుడు పీటర్ గ్రీన్ గుర్తొచ్చి మనసు కొంచెం బరువెక్కింది. ఇంతమంది కొట్లాడుకున్న పేరును ఉదారంగా ఇచ్చినవాడు అతనే. మానసిక అనారోగ్యంతో ఏళ్ళ తరబడి సంగీతానికి దూరమై, 2020లో పోయాడు. ‘అల్బట్రాస్’ ఒకసారి మళ్ళీ విను. మాట ఒక్కటీ లేని ఆ గిటారు వాద్యం 1969 జనవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

పోస్టాఫీసు కౌంటరు మూసే వేళయింది, చిన్నవాడు గుమ్మంలో సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. 2018లో బకింగ్‌హామ్‌ను బృందమే తీసేయడం, అతను కోర్టుకెక్కడం, రెండు నెలల్లోనే రాజీపడటం వేరే పెద్ద కథ. అందులో స్టీవీ పాత్ర గురించి నీతో గట్టిగా వాదించాలి, కాబట్టి వెంటనే జవాబు వ్రాయి.

నీ
కోశాధికారి