మనమా, మేమా, నేనా

చిట్టితల్లీ,

నువ్వు పంపిన "నేనెవరిని" వ్యాసం రెండుసార్లు చదివాను. రాయాల్సిన సంగతే ఎత్తుకున్నావు, మధ్యలో వదలొద్దు. కాకపోతే మొదటి పేజీలోనే "అస్తిత్వం" అన్న మాట ఆరుసార్లు వచ్చింది. ఆరూ కొట్టేసి మళ్లీ చదివి చూడు, అర్థం ఇసుమంత కూడా తగ్గదు. తెలుగులో మనిషి ఎవరన్నది చిన్న మాటల్లో బయటపడుతుంది: మనం, మేము, క్రియ చివర, ఇంటిపేరు. నువ్వు పట్టించుకోకుండా వదిలినవి అవే.

ముందు రెండు రంగుల పెన్నులు తీసుకో. "మనం, మన" ఉన్నచోటల్లా ఎర్రగీత, "మేము, మా" ఉన్నచోట నీలిగీత పెట్టు. ఇంగ్లీషుకి "వుయ్" ఒక్కటే, హిందీకి "హమ్" ఒక్కటే. మనకి రెండున్నాయి. "మనం" అంటే చదివేవాళ్లూ లోపలున్నట్టు, "మేము" అంటే వాళ్లు లేనట్టు. నీ మూడో పేరాలో "మన ఇళ్లల్లో శనివారం నీసు ముట్టరు" అని ఉంది. ఎవరి ఇళ్లు? శనివారం చేపల పులుసు వండుకునే తెలుగువాళ్లున్నారు, తెలుగు ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. వాళ్లందర్నీ "మన" అని లోపలికి పిలిచి, వాక్యం పూర్తయ్యేలోగా గుమ్మం బయట నిలబెట్టావు. బస్సులో పక్కావిడ ఇంటిపేరు అడిగి "మనోళ్లేనా?" అంటే నీకెంత ఇబ్బందిగా ఉంటుందో, వాళ్లకీ ఇక్కడ అంతే. "మా నాయనమ్మ శనివారం పొయ్యి మీదికి నీసు రానివ్వదు" అని రాయి. మనిషి కనబడుతుంది, పొయ్యి కనబడుతుంది, ఎవరినీ బయటికి నెట్టినట్టు ఉండదు.

"మేము"తో ఇంకో చిక్కు. "మేము చాలా కోల్పోయాం" అన్నావు. నువ్వూ తమ్ముడా, మీ ఊరా, తెలంగాణా మొత్తమా? కారంచేడు (1985 జులై 17), చుండూరు (1991 ఆగస్టు 6) ఊళ్లల్లో దళితుల్ని చంపిన ఘటనల తర్వాత దళిత కవిత్వంలో వచ్చిన "మేము"లో ఎవరున్నారో, ఎదురుగా ఉన్న "మీరు" ఎవరో చదివినవాళ్లకి అనుమానం రాలేదు. నీ "మేము" ఎవరన్నది ఆ వాక్యంలో గానీ పక్క వాక్యంలో గానీ తేలకపోతే, దాన్ని "నేను" చేసెయ్.

తర్వాత క్రియలు. రెండో పేజీలో "తాతయ్య చెప్పారు" అన్నావు. ఇంట్లో అంట్లు తోమే ఆవిడ దగ్గరికి వచ్చేసరికి "చెప్పింది". ఇద్దరిదీ ఒకే వయసు. తెలుగులో "ఆమె వచ్చింది" అన్నా "బస్సు వచ్చింది" అన్నా క్రియ ఒకటే, కాబట్టి ఆ తేడా చెవికి తొందరగా అందదు. అలాగని అన్నిచోట్లా "గారు" తగిలించకు, అది అబద్ధమవుతుంది. ఆ ఇంట్లో ఆవిడని ఎలా పిలిచేవాళ్లో సంభాషణలో అలాగే ఉంచు. కథనం మాత్రం ఇప్పటి నీది, అందులో ఆవిడకీ "చెప్పారు" అనే రాయి. ఆ రెండింటి మధ్య ఎడం పాఠకుడే చూసుకుంటాడు, నువ్వు విడిగా వివరించక్కర్లేదు.

యాస గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నాయనమ్మ మాటలు చాలా బాగా పట్టుకున్నావు: "ఏంది బిడ్డా, గింత పొద్దుగాల లేసినవ్?" ఆ వెంటనే నీ కథనం దినపత్రిక భాషలోకి వెళ్లిపోయింది. అలా చేస్తే నాయనమ్మ అద్దాల బీరువాలో బొమ్మలా కనిపిస్తుంది, నువ్వు బయట నిలబడి చూపిస్తున్నట్టు ఉంటుంది. నల్లగొండ పేరాల్లో కథనం కూడా "వచ్చిండు, అన్నడు" అనే నడవనీ. అమ్మమ్మ తెనాలి పేరాల్లో "వచ్చాడు, అన్నాడు" అని రాయి. ఇంట్లో నువ్వు రెండూ మాట్లాడతావు, రెండూ నీవే. ఒక పేరా మధ్యలో మాత్రం మారకూడదు. మారితే తప్పు రాసిందనుకుంటారు. "చేసిండు" ఒకచోట, "జేసిండు" ఒకచోట ఉన్నాయి. "పని జేసిండు" అని ముందు మాటతో కలిసినప్పుడు "జ", వాక్యం మొదట్లో "చ". ఆ లెక్క పెట్టుకుని చివరిదాకా పాటించు. యాస మాటల పక్కన బ్రాకెట్లో అర్థాలు తీసెయ్. గిడుగు పుట్టిన ఆగస్టు 29న ఒక భాషాదినం, కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9న ఇంకొకటి జరుపుకుంటున్నాం. ఇద్దరూ నోటి మాటకే కొమ్ముకాశారు, నువ్వు భయపడటం దేనికి?

ఇక పేరు, కాగితాలు. పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్ట్, నాయనమ్మ రేషన్ కార్డు బల్ల మీద పక్కపక్కన పరిచి చూడు. మెమోలో పేరుతో కలిసి ముందున్న ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో విడిగా వేరే గడిలోకి పోయింది. నాయనమ్మ ఆధార్‌లో పుట్టినతేదీ 1950 జనవరి 1. వయసు మాత్రమే చెప్పగలిగిన పెద్దవాళ్లకి ఆ జనవరి 1 మామూలే. ఆమె నోటి లెక్క వేరు: "రజాకార్ల లొల్లి ఒడిసినంక, బతుకమ్మకు ముంగట." హైదరాబాద్ లొంగిపోయింది 1948 సెప్టెంబర్ 17న, అంటే ఆమె పుట్టింది ఆ సెప్టెంబర్ ఆఖరు రోజుల్లో కావాలి. ఈ రెండు తేదీలూ వ్యాసంలో పెట్టు. ఏది సరైనదని తేల్చకు.

ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లోనూ ఉంటుంది, అయినా జనం దాన్ని చూసే లెక్కలు కడతారు. నీ వ్యాసంలో కులం మాట ఎక్కడా లేదు. శనివారం నియమం, "మా పొలం", పాలేరు మాత్రం ఉన్నారు. చదివేవాళ్లు ఎలాగూ ఊహిస్తారు, నువ్వు దాచావని కూడా అనుకుంటారు. ఒక్క వాక్యంలో చెప్పెయ్. గర్వం వద్దు, క్షమాపణా వద్దు, పొలం ఎన్ని ఎకరాలో చెప్పినంత మామూలుగా చెప్పు.

పిన్ని పెళ్లి ఆగిపోయిన సంగతి రాశావు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదమ్మా, నీకున్నది ఒక్క పిన్నే. వ్యాసం మొత్తం పంపకు, ఆ పేజీ ఒక్కటీ ఆమెకి చదివి వినిపించు. వద్దంటే తీసెయ్, ఎందుకని అడగకు.

చివరి వాక్యం "నేను విశ్వనరుడిని" అని ముగించావు. ఆ మాట జాషువాది. ఆయన 1941 నాటి "గబ్బిలం" కావ్యంలో, అంటరానివాడని గుడి గడప తొక్కనివ్వకుండా ఆపేసిన మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో కాశీ శివుడికి కబురు పంపుతాడు. ఆ బాధ రాసిన జాషువా విశ్వనరుడినంటే ఆ మాటకి బరువుంది. మనకి ఏ గుడి తలుపూ మూయలేదు. మన నోట అదే మాట, పక్క పేజీలో చెప్పకుండా వదిలిన కులాన్ని కప్పే దుప్పటవుతుంది. ఆ వాక్యం తీసేస్తే దాని ముందున్న వాక్యం మిగులుతుంది: "నాయనమ్మ నన్ను బిడ్డా అంటది, అమ్మమ్మ నన్ను అమ్మాయ్ అంటుంది." అక్కడ ఆపెయ్.

ముందు శనివారం వాక్యం దిద్దు, ఆ తర్వాతే మిగతావి. పిన్నికి పొద్దున పూట ఫోన్ చెయ్, సాయంత్రాలు ఆమెకి తీరిక ఉండదు.

అమ్మ