మన 486 మళ్ళీ మాట్లాడిందిరా

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

మన పాత 486 కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి వచ్చేసిందిరా! నిన్న రాత్రి పదకొండున్నరకి లాప్‌టాప్ నుంచి పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని పలకరిస్తే, జవాబిచ్చింది. అప్పుడే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను, పొద్దున్నే నీకు డ్యూటీ ఉంటుందని ఆగాను. మీ నాన్నగారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లు రెండూ కిందకి దించానని, నెట్‌వర్క్ కార్డు పెడితే డ్రైవర్ లోడ్ అవుతోంది కానీ ఇటు నుంచి అటు ఏదీ కదలట్లేదని పోయిన వారం చెప్పావు కదా. నాకూ అచ్చం అదే జబ్బు వచ్చింది. ఫోన్లో చెబితే అంకెలు తారుమారవుతాయి, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు, డిస్క్‌లో ఉన్న పాత ఫైళ్ళు లాప్‌టాప్‌లోకి తెచ్చుకోవడానికి నెట్‌వర్క్ కార్డు దాకా ఎందుకు వెళ్ళానో చెప్పాలి. హార్డ్ డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలిస్తే సరిపోతుంది కదా అన్నాడు మా తమ్ముడు. అలాగే చేశాను, లాప్‌టాప్ దాన్ని అసలు గుర్తే పట్టలేదు. ఆ కాలపు డిస్కులు చాలావాటికి సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల లెక్కే తెలుసు. ఈ అడాప్టర్లు ఎల్‌బీఏ లెక్కలో, అంటే ప్రతి సెక్టార్‌కీ వరుసగా ఒకే నంబరుతో, అడుగుతాయి. ఫ్లాపీల సంగతి నీకు తెలిసిందే. అటక మీద పెట్టెలో ముప్పై ఉంటే, బూజు పట్టనిది ఒక్కటి దొరికింది. ఆ ఒక్కదాని మీదే కార్డుని నడిపే ప్యాకెట్ డ్రైవర్, డాస్‌లో నెట్‌వర్క్ పనులు చేసే ఎంటీసీపీ ప్రోగ్రాములు వేసి తీసుకొచ్చాను.

నువ్వు కరెంట్ ఇచ్చే ముందు ఒక్క పని చెయ్యి. మదర్‌బోర్డు మీద నీలం రంగు గొట్టంలాంటి బ్యాటరీ ఉంటే కారిందేమో చూడు. నాది కారి, పక్కన ఉన్న రెండు సన్నని రాగి గీతలని తినేసింది. దాన్ని కత్తిరించి తీసేసి, వెనిగర్ తడిపిన దూదితో తుడిచి, మంచి నీళ్ళతో కడిగి రెండు రోజులు ఆరబెట్టాను. తర్వాత తెగిన గీతల మీద సన్న వైరు సోల్డర్ చేశాను. బ్యాటరీ లేదు కాబట్టి ఆన్ చేసినప్పుడల్లా సెటప్‌లోకి వెళ్ళి డిస్క్ లేబుల్ మీద ఉన్న 826 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు అనే అంకెలు కొట్టాల్సి వస్తోంది. ఆ లేబుల్‌ని ఫోటో తీసి పెట్టుకో, అది చెరిగిపోతే చాలా కష్టం.

ఇక కార్డు. కంచరపాలెంలో పాత సామాన్ల కొట్లో దొరికింది, ఎన్ఈ2000 రకం, రియల్‌టెక్ 8019 చిప్. వెనక పట్టీకి పాత కోయాక్సియల్ తీగ తగిలించే గుండ్రటి బీఎన్‌సీ ఒకటి, ఇప్పటి నెట్‌వర్క్ కేబుల్ పెట్టే ఆర్‌జే-45 సాకెట్ ఒకటి ఉన్నాయి. స్లాట్‌లో దూర్చే ముందు వెలుతురులో పట్టుకుని చూశాను. బంగారు పళ్ళ మీద, మధ్యలో ఆరేడింటికి, పచ్చగా చిలుము. మన ఊరి ఉప్పు గాలి ఇత్తడి గడియలనే వదలదు, ఇవెంత? స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో నెమ్మదిగా, పళ్ళ పొడుగునే రుద్దాను. అడ్డంగా రుద్దితే పొర లేచిపోతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. స్లాట్‌లో కార్డుని రెండు మూడుసార్లు దూర్చి తీశాను, లోపలి స్ప్రింగుల మీద ఉన్న మురికి కూడా పోతుందని.

కేబుల్ పెట్టాను. లైటు వెలగలేదు! కేబుల్ మార్చాను, రౌటర్‌లో పోర్టు మార్చాను, లాభం లేదు. ఇక్కడ ఒక గంట పోయింది. తీరా చూస్తే, కార్డు ఎప్పుడో ఏదో ఆఫీసులో కోయాక్సియల్ మీద పనిచేసిందనుకుంటా, దాని చిన్న మెమరీలో మీడియం అంటే బీఎన్‌సీ అని రాసి ఉంది. ఆర్‌జే-45 సాకెట్ చచ్చినట్టు పడుంది. బూట్ అయ్యేటప్పుడు ఎఫ్5 నొక్కి ఏమీ లోడ్ చేయకుండా డాస్‌లోకి వెళ్ళి, రియల్‌టెక్ వాళ్ళ సెటప్ ప్రోగ్రామ్‌లో 10బేస్-టీ అని, అంటే ఆర్‌జే-45 సాకెట్ వాడమని, మార్చాను. సేవ్ చేసి ఆపి మళ్ళీ వేయగానే పచ్చ లైటు. ఒక్క మాట, 2.5 గిగా పోర్టులున్న కొత్త బాక్సులు కొన్ని 10 మెగాబిట్ల వేగానికి దిగవు. నీ దగ్గర పాత రౌటర్ ఉంటే దాన్నే మధ్యలో పెట్టు.

ఇప్పుడు నీ జబ్బు దగ్గరికి వస్తున్నాను, బాగా చదువు.

డ్రైవర్ లోడ్ అయింది. కార్డు చిరునామా, ఆ ఆరు జతల అంకెలు, స్క్రీన్ మీద చక్కగా చూపించింది. అంతా అయిపోయిందనుకుని, రౌటర్‌ని ఐపీ చిరునామా అడిగే డీహెచ్‌సీపీ ప్రోగ్రాం కొట్టాను. టైమౌట్. మళ్ళీ కొట్టాను, మళ్ళీ టైమౌట్. చిరునామా చదువుతోందంటే కార్డు బాగున్నట్టే కదా అనే ఆలోచన దగ్గరే ఇరుక్కుపోయాను. అది సగమే నిజం మావా. ఆ చిరునామాని డ్రైవర్ కార్డుతో మాట్లాడే ఐఓ పోర్టు ద్వారా, అంటే హెక్స్ (పదహారు అంకెల లెక్క) 300 దగ్గర, తనే వెళ్ళి చదువుకుంటుంది. దానికి ఇంటరప్ట్‌తో, అంటే ప్రాసెసర్‌ని పిలిచే సంకేతంతో, పని లేదు. కానీ బయట నుంచి ప్యాకెట్ వచ్చినప్పుడు ప్రాసెసర్‌ని లేపాల్సింది ఆ సంకేతం వెళ్ళే ఐఆర్‌క్యూ గీతే. అది పనిచేయకపోతే వచ్చిన ప్యాకెట్లు కార్డు లోపలే పడి ఉంటాయి, పలకరించే వాడుండడు.

అనుమానం తీర్చుకుందామని లాప్‌టాప్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ పెట్టాను. 486 అడుగుతున్న డీహెచ్‌సీపీ ప్యాకెట్లు బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ వెళ్ళేవి, కాబట్టి నాకూ కనిపించాయి, ఒకదాని వెనక ఒకటి. గొంతు బాగానే ఉంది, చెవులే పనిచేయట్లేదు. ఎన్ఈ2000కి మామూలుగా ఐఆర్‌క్యూ 3 పెడతారు. మోడెంలు వాడే కామ్2, కామ్4 పోర్టులదీ అదే 3. 98లో నాన్న పెట్టించిన ఇంటర్నల్ మోడెం గుర్తుందా, మనం రాత్రి పదకొండు దాటాక డయల్ చేసేవాళ్ళం? అది ఇంకా కింది స్లాట్‌లోనే కూర్చుని ఉంది! ఐఎస్ఏలో, అంటే ఈ పాత రకం స్లాట్లలో, రెండు కార్డులు ఒకే గీతని పంచుకోవడం కుదరదు. మోడెం తీసి పక్కన పెట్టి డీహెచ్‌సీపీ కొట్టాను. రెండు సెకన్లలో ఐపీ చిరునామా వచ్చేసింది.

నాన్న మోడెంని బయట వదిలేయడం నాకు ఇష్టం లేక, దాన్ని దాని స్లాట్‌లోనే పెట్టి కార్డుని ఐఆర్‌క్యూ 10కి మార్చాను. 5 జోలికి వెళ్ళకు, అక్కడ సౌండ్ బ్లాస్టర్ సౌండ్ కార్డు ఉంటుంది. 7 ప్రింటర్‌ది. ఇంకో సంగతి, నీ కార్డు పొట్టి 8 బిట్ స్లాట్‌లో ఉంటే 10 అసలు అందదు. ఆ గీత స్లాట్ వెనక ఉండే రెండో ముక్కలోనే ఉంటుంది. పొడుగు స్లాట్‌లోకి మార్చు.

డ్రైవర్‌కి అంకెలు ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. పోర్టు 300 ముందు సున్నా, ఎక్స్ రెండూ కొట్టాలి. లేకపోతే దాన్ని మామూలు మూడు వందలు అనుకుని ఇంకెక్కడో వెతుకుతుంది. ఐఆర్‌క్యూ 10కి మాత్రం ముందు ఏమీ పెట్టకు, పెడితే అది 16 అవుతుంది.

ఆ తర్వాత చిన్న చిక్కు ఒకటి వచ్చింది. పింగ్ బాగుంది, ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీలో పెద్ద ఫైలు మాత్రం నత్తనడక. కార్డులో ఫుల్ డూప్లెక్స్, అంటే ఒకేసారి పంపుతూ వింటూ ఉండటం, ఆన్ చేసి ఉంది. ఇలాంటి పాత కార్డులు రౌటర్‌తో బేరమాడవు కాబట్టి రౌటర్ తన వైపు హాఫ్, అంటే ఒకరి తర్వాత ఒకరు, అనుకుంటుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఢీకొంటారు. హాఫ్ పెట్టగానే కుదిరింది.

నువ్వు రెండు మెషిన్లనీ నాన్నగారి పాత కోయాక్సియల్ తోనే కలుపుతానన్నావు. అది చాలా బాగుంటుంది, అలాగే చెయ్యి. కానీ ఆ తీగ మీద ఆర్‌జీ-58 అని రాసుందేమో చూడు. టీవీ కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది, అది 75 ఓమ్‌లది, పనికిరాదు. మనకి కావాల్సింది 50. రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్ బిగించాలి, ఒక చివర లేకపోయినా మొత్తం ఆగిపోతుంది. టీ ఆకారపు కనెక్టర్ ముక్కని కార్డుకే నేరుగా తగిలించు, మధ్యలో తోక తీగ పెట్టకు. అన్నీ బిగించాక కార్డు నుంచి టీని ఊడదీసి మధ్య పిన్నుకీ బయటి రింగుకీ మల్టీమీటర్ పెట్టు. 25 ఓమ్‌ల దగ్గర చూపిస్తే బాగున్నట్టు. 50 చూపిస్తే ఒక టెర్మినేటరో మధ్యలో తీగో పోయినట్టు.

ఇంతకీ డిస్క్‌లో ఏం దొరికిందో చెప్పలేదు కదా! 486 మీద ఎంటీసీపీ ఎఫ్‌టీపీ సర్వర్ నడిపి, మనం ప్రోగ్రాములు రాసుకున్న క్యూబేసిక్ ఫోల్డర్ మొత్తం లాప్‌టాప్‌లోకి లాగేశాను. అందులో మన స్కోర్‌కార్డు ప్రోగ్రాం ఉందిరా. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఆస్ట్రేలియా, కెన్యా ప్రపంచ కప్ మ్యాచ్, 1996 ఫిబ్రవరి 23. మర్నాడు కూర్చుని పేపర్ చూస్తూ నువ్వు చదువుతుంటే నేను డేటా లైన్లు కొట్టాను. మార్క్ వా 130, స్టీవ్ వా 82, మొత్తం 7 వికెట్లకి 304. రన్ చేస్తే ఇప్పటికీ స్క్రీన్ మీద పచ్చ అక్షరాల్లో బోర్డు గీస్తోంది. ఎక్స్‌ట్రాలు కలిపే లైను మాత్రం సగంలో ఆగింది, అది నీ వంతని పక్కన రిమార్కు ఉంది. ప్రింట్ తీసి ఈ కవర్లోనే పెట్టాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ మెషిన్లలో ఒకటి, టీ ముక్కలు, టెర్మినేటర్లు రెండూ తీసుకురా. తీగ ఇక్కడ నేను చూసి ఉంచుతాను. ఆ లైను నువ్వే పూర్తి చెయ్యాలి.

నీ మావ