బస్సు పనామా దాటింది

హైదరాబాద్,
శనివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

"బతికే ఉన్నావా" అని నువ్వు పంపిన మెసేజ్‌కి మూడు వారాల తర్వాత జవాబు రాస్తున్నాను. ఉన్నానురా. ఈ మధ్య నేను తెల్లారి అయిదున్నరకే లేస్తున్నానంటే నువ్వు నమ్మవు. పరీక్ష రోజు కూడా మొహాన నీళ్ళు కొట్టి లేపినవాడివి కదా.

అంతా ఒక బస్సు వల్ల. మా కంపెనీకి ఒక ఇంజినీరింగ్ కాలేజీ పని తగిలింది. విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటాక ఉంటుంది. ఇరవై దాకా బస్సులున్నాయి, పొద్దున్నే ఊరంతా తిరిగి పిల్లల్ని పోగేసుకుని పోతాయి. 2023లో ఆర్టీసీ వాళ్ళు గమ్యం యాప్ తెచ్చారు కదా, అప్పటి నుంచి "మనకూ అలాంటిది కావాలి" అని వాళ్ళ సారు పట్టు. బస్సు ఎక్కడుందో పిల్లలు ఫోన్‌లో చూసుకోవాలి, అదీ పని. వినడానికి నాలుగు రోజుల పనిలా ఉంది కదా? నేనూ అలాగే అనుకుని ఒప్పేసుకున్నాను.

మొదటి మీటింగ్‌లో ఆయన అడిగింది ఒక్కటే. క్యాబ్ బుక్ చేస్తే మ్యాప్ మీద కారు బొమ్మ కదులుతుందే, అలా కదలాలి. సరేనని మ్యాప్ పెట్టాను, రూటుకో రంగు ఇచ్చాను, మలుపు దగ్గర బస్సు బొమ్మ కూడా తిరిగేలా చేశాను. ఆ తిరగడం కోసమే రెండు రాత్రులు కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ట్రయల్‌కి సికింద్రాబాద్ నుంచి వచ్చే బస్సు ఒక్కదానికే, ఎక్కడుందో చెప్పే జీపీఎస్ డబ్బా బిగించాం. రాణీగంజ్, ట్యాంక్‌బండ్, కోఠి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా కాలేజీకి వెళ్తుంది. కాలేజీలో పెద్ద తెర మీద అందరం చూస్తున్నాం. బస్సు రాణీగంజ్ దాటింది, ట్యాంక్‌బండ్ ఎక్కాలి. ఎక్కలేదు. నేరుగా హుస్సేన్‌సాగర్‌లోకి దిగి, నీళ్ళ మీదుగా సాఫీగా సెక్రటేరియట్ వైపు వెళ్ళిపోయింది. ఎవరో "బుద్ధుడి దర్శనానికి వెళ్ళినట్టుంది" అన్నారు. సారు నవ్వలేదు.

జరిగింది ఇంతే. డబ్బా పది సెకన్లకోసారి తానెక్కడుందో పంపాలి. ఆ రోజు సిమ్‌కి నెట్‌వర్క్ పోయి, మధ్యలో కొన్ని నిమిషాలు ఏమీ రాలేదు. బండ్‌కి ముందు ఒక చుక్క, తర్వాత ఒక చుక్క. వాటి మధ్య మన యాప్ తెలివిగా ఒక గీత గీసి బొమ్మని దాని మీద నడిపించింది. గీతకి చెరువేమిటో రోడ్డేమిటో ఏం తెలుసు!

నెట్‌వర్క్ ఉన్నా ఇంకో తలనొప్పి ఉంది. పైన ఆకాశం ఖాళీగా కనిపిస్తే జీపీఎస్ అయిదారు మీటర్ల తేడాలో చెబుతుంది. కానీ ఈ బస్సు మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైను పక్కనా కిందా నడుస్తుంది. పైన కాంక్రీటు, అటూ ఇటూ బిల్డింగులు. ఉపగ్రహం సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తే, డబ్బా పక్క సందులో ఉన్నానని చెప్పేస్తుంది. అందుకని రూటుని ముందే ఒక తీగలా గీసిపెట్టి, వచ్చిన ప్రతి చుక్కనీ దాని మీదికి లాగేశాం. దండేనికి పెట్టిన క్లిప్పు చూడు, ముందుకీ వెనక్కీ జరుగుతుందే కానీ దండెం వదలదు. వరసగా కొన్ని చుక్కలు బాగా దూరంగా పడితేనే బస్సు నిజంగా దారి మళ్ళిందని ఒప్పుకుంటాం.

ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. మర్నాడు పొద్దున యాప్ తెరిస్తే బస్సు సమాచారం 5 గంటల 30 నిమిషాల పాతదని చూపిస్తోంది. డబ్బా మార్చాం, సిమ్ మార్చాం, అమ్మినవాడితో గొడవ కూడా పెట్టుకున్నాం. చివరికి తేలిందేమిటంటే డబ్బా గ్రీనిచ్ టైము పంపుతోంది, మేము దాన్ని మన టైము అనుకుని చదువుతున్నాం. మన దేశంలో ఈ పని చేసేవాడు ఒక్కసారైనా ఈ అయిదున్నర గంటల గుంటలో పడాల్సిందేనట. అమ్మినవాడికి సారీ చెప్పాను.

ఇవన్నీ సర్దుకున్నాక యాప్ అయిపోయిందనే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఓ రోజు ఏడింటికి వెళ్ళి సుష్మ థియేటర్ స్టాప్‌లో నిలబడ్డాను. అక్కడ ఎక్కే పిల్లలు పదిమంది దాకా ఉంటారు. ఒకమ్మాయి, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో డ్రాఫ్టర్, మిగిలిన చేత్తో మన యాప్ తెరిచింది. మ్యాప్ వచ్చింది. బొటనవేలితో అటు లాగింది, ఇటు లాగింది. పెద్దది చేద్దామంటే రెండో చెయ్యి ఖాళీ లేదు. బస్సు బొమ్మ దొరికింది, కానీ అది ఎల్బీనగర్‌కి అవతలో ఇవతలో తెలియలేదు. నాలుగు సెకన్లు చూసి యాప్ మూసేసి వాట్సాప్ తెరిచింది. ఆ బస్సు పిల్లల గ్రూప్ ఉంది. అందులో ఎవరో అప్పుడే పెట్టారు: "పనామా దాటింది." అమ్మాయి ఫోన్ బ్యాగులో పడేసి నిశ్చింతగా నిలబడింది.

ఒరేయ్, నేను ఉపగ్రహాలతో చెప్పలేనిది ఆ గ్రూపువాళ్ళు రెండు మాటల్లో చెప్పేశారు! సుష్మకి ముందు స్టాప్ పనామా. అది దాటిందంటే రోడ్డు అంచుకి రావాలి. ఇంకా దాటలేదంటే కూల్‌డ్రింక్ షాపు అరుగు మీద కూర్చోవచ్చు. బస్సు భూగోళం మీద ఎక్కడుందో వాళ్ళకి అక్కర్లేదు.

ఆఫీసుకొచ్చి మ్యాప్‌ని మొదటి పేజీలోంచి తీసేశాను. ఇప్పుడు తెరవగానే పెద్ద అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంటుంది: "చింతలకుంట దాటింది. మీకు ముందు ఇంకో స్టాప్." దాని కింద చిన్నగా, ఈ సమాచారం ఎన్ని సెకన్ల కిందటిదో. రెండు నిమిషాలు ఏమీ రాకపోతే వాక్యం బూడిదరంగులోకి మారి, "చివరిసారి చింతలకుంటలో కనిపించింది" అంటుంది. మ్యాప్ కావాలంటే కింద బటన్ ఉంది. సారు ముఖం మాడ్చుకున్నారు. డబ్బులిచ్చింది కదిలే బొమ్మకి కదా మరి.

నిమిషాలు ఎక్కడ అంటావా? అక్కడే అసలు గొడవ. గత నెల రోజుల్లో, వారంలో అదే రోజు, అదే వేళకి ఒక స్టాప్ నుంచి ఇంకో స్టాప్‌కి ఎంత పట్టిందో లెక్కగట్టి చెబుతాం. మామూలు రోజుల్లో బాగానే కుదురుతుంది. వాన పడి మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచిన రోజు ఏ లెక్కా నిలబడదు. మా కుర్రాళ్ళు సగటు చూపిద్దామన్నారు. నేను వద్దన్నాను. ఆరు నిమిషాలని చెప్పి తొమ్మిదికి వస్తే పిల్ల తిట్టుకుంటుంది, అంతే. ఆరని చెప్పి మూడుకే వచ్చి వెళ్ళిపోతే ఆ పిల్ల ఆటోకి డబ్బులు పెట్టుకోవాలి, లేదంటే మొదటి క్లాసు పోతుంది. రెండూ సమానమైన తప్పులెలా అవుతాయి? అందుకే ఎంత తొందరగా రావచ్చో ఆ అంకెనే పెద్దగా చూపిస్తున్నాం.

మన దిల్‌సుఖ్‌నగర్ రోజులు గుర్తున్నాయా? గంట నిలబడితే ఒక్కటీ రాక, వస్తే ఒకే నంబరువి మూడు తోకలు పట్టుకుని వచ్చేవి. నువ్వేమో డ్రైవర్లంతా కలిసి టీ తాగి బయల్దేరతారనేవాడివి. కాదురా. ముందు బస్సు కాస్త లేటైతే స్టాపుల్లో జనం పెరుగుతారు, ఎక్కించుకోవడానికి ఇంకా లేటవుతుంది. వెనక బస్సుకి జనం తక్కువ, అది ఉరుక్కుంటూ వచ్చి దీన్ని పట్టుకుంటుంది. ఇన్నేళ్ళకి ఆ డ్రైవర్లకి నీ తరఫున క్షమాపణ చెప్పుకున్నాను. 2008లో సియాటిల్‌లో యూనివర్సిటీ విద్యార్థులు వన్‌బస్‌అవే అని ఇలాంటిదే మొదలుపెట్టారు. తర్వాత స్టాపుల్లో జనాన్ని అడిగి చూస్తే, ఫోన్‌లో బస్సు టైము చూసుకోనివాళ్ళకి నిజంగా నిలబడ్డదానికన్నా ఎక్కువసేపు నిలబడ్డట్టు అనిపించిందట. చూసుకున్నవాళ్ళకి అలా అనిపించలేదట. మనం దిల్‌సుఖ్‌నగర్‌లో నిజానికి నిలబడింది ఇరవై నిమిషాలేనేమో!

డ్రైవరన్న సంగతి చెప్పి ముగిస్తాను. యాభై దాటిన మనిషి, డబ్బా బిగించిన రోజు నుంచి నాతో ముభావంగా ఉండేవాడు. ఓ రోజు బండి ఆపి పక్కకి పిలిచాడు. "సార్, నేను పిల్లల్ని దింపినంక ఇంటికి వోయి పండుకుంటే గది గూడ కనిపిస్తదా?" అన్నాడు. చూస్తే, నిజమే. రాత్రి బస్సు ఆయన ఇంటి ముందే ఆగుతుంది. తెల్లవార్లూ ఆ చుక్క ఆయన గల్లీలో వెలుగుతూనే ఉంది, కాలేజీలో ఎవరైనా చూసుకోవచ్చు. ఇన్ని వారాల్లో మాలో ఒక్కడికీ తట్టలేదు. ఆ సాయంత్రమే మార్చాం. మొదటి స్టాప్‌కి పావుగంట ముందు చుక్క వస్తుంది, చివరి స్టాప్ అయ్యాక మాయమవుతుంది. బస్సు స్పీడు తల్లిదండ్రులకి చూపించాలని కాలేజీవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు. దాని మీద సోమవారం మళ్ళీ మీటింగ్. పిల్లాడు స్టాప్‌కి లేటుగా వచ్చినా అరిచేది డ్రైవర్ మీదే, దానికి తోడు ప్రతి ఇంట్లో ఒక స్పీడు మీటరా?

సాయంత్రం స్టాపుల పని ఇంకా మిగిలే ఉంది. పొద్దున ఎక్కేది హైవేకి ఒక పక్క, సాయంత్రం దిగేది డివైడర్‌కి అవతల. మేము రెండింటికీ ఒకే చుక్క పెట్టాం. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక తండ్రి ఎదురు పక్కన బండి మీద కూర్చుని, పావుగంట మా యాప్‌నే చూస్తూ ఉండిపోయాడట. ఇరవై రూట్లకీ స్టాపులు విడదీయాలి, ప్రతి చోటికీ వెళ్ళి నిలబడి చూడాలి. ఆఫీసులో కూర్చుని మ్యాప్ చూసి పెట్టేది లేదని ఒట్టు పెట్టుకున్నాను.

చెల్లెమ్మకి నమస్తే చెప్పు. పాప మాటలు వీడియో తీసి పంపు, ఫోటోలు చాలు. దసరాకి వస్తానన్నావు, మాట తప్పకు. ఫోన్ చేస్తే ఎనిమిది తర్వాత చెయ్యి. ఏడింటికి నేను సుష్మలో ఉంటాను.

నీ
రవి