మీ హోమ్‌స్కూల్ కిట్ గురించి, అంతకంటే ఎక్కువగా మీ కస్టమర్ కేర్ గురించి

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు (అలాంటివారు నిజంగా ఉంటే),

నమస్కారం. ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. ఇంతకుముందు ఇంగ్లీషులో పంపిన మెయిళ్లన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది, అదీ మెషిన్ పంపింది, కాబట్టి భాష మారిస్తే నాకు కొత్తగా పోయేదేమీ లేదు. పైగా తెలుగులో కూడా సపోర్ట్ ఇస్తామని మీ యాప్‌లో మీరే రాసుకున్నారు, చూద్దాం.

మాకిద్దరు పిల్లలు, బాబుకి పదేళ్లు, పాపకి ఏడు. ఇద్దరూ బడికి వెళ్లరు, ఇంట్లోనే చదువుకుంటారు. మీ ఆల్-ఇన్-వన్ కిట్ కొనడం ఇది వరసగా మూడో ఏడాది. ఇద్దరికీ కలిపి 38,000 రూపాయలు, ఏప్రిల్‌లోనే, ఒకేసారి కట్టాం. బాబుకి లెక్కలు లెవెల్ 6, ఇంగ్లీష్ లెవెల్ 5, తెలుగు లెవెల్ 3 కావాలని ఆర్డర్‌లోనే స్పష్టంగా పెట్టాను. వచ్చినవన్నీ లెవెల్ 5, తెలుగు స్థానంలో హిందీ. పెట్టె గురించి ఇంతే, మిగతాది ఫిర్యాదు టికెట్‌లో ఉంది, చదివేవాళ్లు ఉంటే. తప్పు సామాను రావడం ఏ కంపెనీలోనైనా జరుగుతుంది, దానికి నాకు కోపం రాలేదు. మొదటి ఫోన్ చేసినప్పుడు నవ్వుతూనే మాట్లాడాను, కావాలంటే రికార్డింగ్ తీసి వినండి, "క్వాలిటీ కోసం రికార్డ్ చేస్తున్నాం" అని ప్రతిసారీ చెబుతారు కదా.

ఆ ఫోన్‌లో ముందు ఒక రికార్డెడ్ గొంతు. స్కూల్ అయితే 1 నొక్కండి, టీచర్ అయితే 2, డిస్ట్రిబ్యూటర్ అయితే 3. తల్లిదండ్రులకు నంబరే లేదు! హోమ్‌స్కూల్ కిట్ అమ్మే కంపెనీకి అమ్మానాన్నలు ఫోన్ చేస్తారని ఎవరికీ తట్టలేదా? నేనే టీచర్ని కదా అని 2 నొక్కాను. ఎవరో అమ్మాయి ఎత్తింది, పాపం మర్యాదగానే మాట్లాడింది, మొట్టమొదట అడిగింది "స్కూల్ కోడ్ చెప్పండి మేడం" అని. స్కూల్ లేదమ్మా, ఇంట్లోనే చదివిస్తాం, మీ హోమ్‌స్కూల్ కస్టమర్‌ని అన్నాను. "అవును మేడం, అర్థమైంది, మీ స్కూల్ కోడ్?" అంది. నాలుగంకెల కోడ్ కొట్టకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదట. ఆఖరికి ఏదో ఒక కోడ్ తనే వేసింది. అలా మా బాబు మీ కంప్యూటర్‌లో ఏదో ఊళ్లో ఏదో బడిలో చేరిపోయాడు, ఏ తరగతో కూడా నాకు తెలియదు.

ఆమె అకడమిక్ టీమ్‌కి పంపింది. అకడమిక్ టీమ్ కుర్రాడు మొత్తం ఓపిగ్గా విని "ఇది లాజిస్టిక్స్ మేడం" అన్నాడు. లాజిస్టిక్స్ వాళ్లు ఇది కొరియర్ వాళ్ల పని అన్నారు. కొరియర్ వాళ్లు పెట్టె చేర్చేశాం, లోపల ఏముందో మాకేం తెలుసు, వెనక్కి తీసుకోవాలంటే కంపెనీయే బుక్ చెయ్యాలి అన్నారు, ఈ మొత్తం కథలో సూటిగా మాట్లాడింది వాళ్లొక్కరే. మళ్లీ మీకు ఫోన్ చేస్తే కొత్త మనిషి, కొత్త టికెట్, కథ మళ్లీ మొదటి నుంచి. హరికథ చెప్పేవాళ్లకైనా సంభావన ఇస్తారు, నాకు అదీ లేదు.

ఒక పెద్దమనిషి, "సీనియర్ లెర్నింగ్ కౌన్సెలర్" అని పరిచయం చేసుకున్నాడు, నాకు క్లాసు పీకాడు. ఒక పిల్లాడికి లెక్కలు ఆరు, తెలుగు మూడు ఎలా ఉంటుంది మేడం, ఏదో ఒక తరగతి చెప్పండి అంటాడు. అయ్యా, మా వాడు ఏడేళ్లు వచ్చేదాకా పుణేలో పెరిగాడు, మా ఆయన ఉద్యోగం అక్కడ. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం హనుమకొండ వచ్చాకే మొదలైంది. లెక్కల్లో మాత్రం ముందుకు పరిగెడతాడు. పిల్లాడు అన్నింట్లోనూ ఒకే మెట్టు మీద నిలబడి ఉంటే మేం ఇంట్లో ఎందుకు చదివిస్తాం? మీ బ్రోషర్ మొదటి పేజీలో "మీ బిడ్డ వేగం, మీ ఇష్టం" అని అంత పెద్ద అక్షరాలతో వేశారే, అది మరి ఎవరి గురించి? దానికి ఆయన జవాబు "సిస్టమ్ తీసుకోదు మేడం". పోయినేడు తీసుకుంది, అంతకు ముందేడు తీసుకుంది, ఈసారి 38,000 తీసుకుంది, వేర్వేరు లెవెల్స్ మాత్రం తీసుకోదా?

అదే ఆయన చివర్లో ఇచ్చిన సలహా వినండి. "మేడం, విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల్ని బడిలో వెయ్యాలి కదా, స్కూల్లో వేసేయండి, ఈ టెన్షన్లన్నీ ఉండవు." హోమ్‌స్కూల్ కంపెనీ కౌన్సెలర్ చెప్పిన మాట ఇది! 2009 నాటి ఆ చట్టం గురించి మా అత్తయ్య దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాకా అందరూ అడుగుతూనే ఉంటారు, వాళ్లకి చెప్పిందే ఆయనకీ చెప్పాను. పదో సెక్షన్‌లో పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని ఉంది, చేర్చకపోతే ఫలానా శిక్ష అని మాత్రం లేదు. బడికి వెళ్లని పిల్లలు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్ఐఓఎస్‌లో 3, 5, 8 తరగతులతో సమానమైన స్థాయిల పరీక్షలు రాసుకోవచ్చు, పద్నాలుగేళ్లు నిండాక అక్కడే పదో తరగతి రాయొచ్చు. మా ఆలోచనా అదే. ఇదంతా మీ కౌన్సెలర్ నాకు చెప్పాలి, నేను ఆయనకు చెప్పాను, ఫీజు మాత్రం నేనే కట్టాను.

తర్వాత మీరు రివర్స్ పికప్ పెట్టారు. నాకు మాట మాత్రం చెప్పలేదు, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక అబ్బాయి గుమ్మంలో నిలబడి పెట్టెలన్నీ ఇచ్చేయమన్నాడు. అన్నీ అంటే పాపవి కూడా, అది అప్పటికే రంగులు వేసిన వర్క్‌బుక్కులు కూడా. బాబు లెవెల్ 5 లెక్కలూ హిందీ మాత్రమే వెనక్కి, ఇంగ్లీష్ సరైనదే, ఉంచుకుంటాం అన్నాను. అతని ఫోన్‌లో "రెండు బాక్సులు" అని ఉంది, తక్కువ తీసుకోవడానికి వీల్లేదట. ఎండలో వచ్చాడు, తప్పు అతనిది కాదు, మజ్జిగిచ్చి పంపాను. సాయంత్రానికి మెసేజ్, "కస్టమర్ పికప్‌ను తిరస్కరించారు". గంట తిరక్కుండా ఇంకోటి, "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి."

ఇచ్చాను. ఒక్క స్టార్. అప్పుడు చూశాను మీ వేగం! టీ పొయ్యి మీద పెట్టి దించేలోపే ఫోన్. "కస్టమర్ డిలైట్" అని మీకో టీమ్ ఉందట, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారో. మేడం చాలా బాధపడ్డారని తెలిసింది, మీరు మా కుటుంబ సభ్యులు, రేటింగ్ కాస్త మారిస్తే అని. పుస్తకాల సంగతేంటమ్మా అంటే "అది వేరే టీమ్ మేడం". అంటే స్టార్ల కోసం ఒక టీమ్ ఉంది, పిల్లాడి పుస్తకాల కోసం లేదు. మార్చనన్నాను, మళ్లీ ఫోన్ రాలేదు.

కుటుంబ సభ్యులన్నారు కాబట్టి ఆ లెక్కా చెప్పుకుందాం. మొదటి ఏడాది మీ సేల్స్ అబ్బాయి నన్ను "అక్కా, అక్కా" అనేవాడు, రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్ ఎత్తేవాడు. డబ్బు కట్టాక మేడం అయ్యాను. ఇప్పుడు "ప్రియమైన వినియోగదారుడా" అట, ఆడో మగో కూడా చూసుకోరు. అయినా నేను మిమ్మల్ని వదల్లేదు. మీ మాటల మీద నమ్మకంతో వరంగల్‌లో, కరీంనగర్‌లో తెలిసినవాళ్లతో ఈ కిట్ కొనిపించాను. మీరడిగితే వీడియో ఇచ్చాను, పిల్లలతో ఫొటో దిగి పంపాను, కమీషన్ అడగలేదు. ఎవరైనా "ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, రాష్ట్ర పుస్తకాలూ ఉన్నాయి, దీక్షా యాప్‌లో పాఠాలున్నాయి, ఇంత డబ్బెందుకు" అంటే మీ తరఫున వాదించింది నేను. ఇద్దరు పిల్లలతో ఇంటి పని చూసుకుంటూ ఏ వారం ఏది చెప్పాలో ప్లాన్ చేసుకునే తీరిక ఉండదు, ఎక్కడైనా ఆగిపోతే అడగడానికి ఒక మనిషి ఉంటాడు, ఆ డబ్బు అందుకని చెప్పేదాన్ని. ఆ మనిషి ఎక్కడ?

మీ కిట్‌ని ఉన్నదున్నట్టు చెప్పేస్తే పిల్లలకు ఎక్కదని కూడా మీకు తెలియాలి, మూడేళ్లుగా దాన్ని మా ఊరికి తగ్గట్టు దిద్దుకుంటున్నది నేను. ఋతువుల పాఠంలో మంచు మనిషి, రాలే మేపుల్ ఆకులు. హనుమకొండలో మంచు మనిషిని ఎక్కడ తెచ్చేది? ఆ నాలుగు పేజీలు పక్కన పెట్టి మృగశిర కార్తె గురించి చెప్పాను, ఆ రోజు చేపల మార్కెట్‌కి తీసుకెళ్లాను, రోహిణి కార్తె ఎండ ఎలాగూ వాళ్లకి తెలుసు. నీళ్లలో ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అనే పాఠం మీరు ఐస్‌బర్గ్‌తో మొదలుపెట్టారు. మేం పాలంపేట వెళ్లి రామప్ప గుడి దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం, 1213 నాటి గుడి, గోపురానికి వాడినవి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు, 2021లో యునెస్కో గుర్తించింది, అక్కడ నిలబడితే సాంద్రత అనేది పిల్లలకి రెండు మాటల్లో అర్థమైంది. 180 రోజుల ప్లానర్‌ని వారానికి నాలుగు రోజుల పాఠాలుగా విడగొట్టుకున్నాం, పాపకి వర్క్‌షీట్లు సగం తీసేసి బియ్యం కొలిచే సోల, తక్కెడ ఇచ్చాను. ఇవన్నీ మీకు రాసి పంపాను కూడా, మిగతా తల్లులకు పనికొస్తుందని. "మీ ఫీడ్‌బ్యాక్ మాకు అమూల్యం" అని వచ్చింది. అమూల్యమే, ఒక్క రూపాయి విలువ కట్టలేదు కదా.

తెలుగు పుస్తకం సంగతి మాత్రం ఊరుకోను. తెలంగాణలో 2018లో చట్టమే తెచ్చారు, ఏ బోర్డు బడైనా తెలుగు చెప్పాల్సిందేనని. బడులకే ఆ పట్టింపు ఉంటే, మా వాడి భాష వాడికి రావాలని ఇంట్లో కూర్చోబెట్టి చెబుతున్న నాకు ఎంత ఉండాలి? తెలుగు పంపండి అంటే మీ చాట్‌లో ఉన్నావిడ "హిందీ కూడా చాలా స్కోరింగ్ మేడం" అంది. స్కోరింగ్! మాకు పరీక్షే లేదు తల్లీ.

జూన్‌లో మొదలవ్వాల్సిన లెక్కలు ఇవి. బతుకమ్మ దగ్గరకొచ్చింది. ఈలోపు వాడు పాత పుస్తకాలూ, నేను డౌన్‌లోడ్ చేసి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించిన పేజీలతో చదువుకుంటున్నాడు, ఆగిపోలేదు, మీ దయ వల్ల మాత్రం కాదు. మీ నుంచి వచ్చింది ఒక్కటే, వచ్చే ఏడాది కిట్‌కి ఎర్లీ బర్డ్ ఆఫర్, నిన్న కూడా వచ్చింది.

కాబట్టి లెవెల్ 6 లెక్కలు, లెవెల్ 3 తెలుగు పంపండి, లేదా ఆ రెండింటి డబ్బు, ప్రింట్ల ఖర్చుతో కలిపి వెనక్కివ్వండి. దానికంటే ముందు, జరిగిందంతా చదివిన ఒక మనిషి నాకు ఫోన్ చెయ్యాలి. స్కూల్ కోడ్ లేకుండా తెరుచుకునే పేజీ ఒకటి పెట్టుకోవాలి, అది నా ఒక్కదాని కోసం కాదు.

లేదంటే ఏం చేస్తానో కూడా చెబుతాను, తర్వాత చెప్పలేదనకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ వెబ్‌సైట్‌లో ఆ పేజీ తెరిస్తే "త్వరలో" అని ఉంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనుండే చోటే కేసు వేసుకోవచ్చు, మీ హెడ్ ఆఫీసున్న ఊరికి రానక్కర్లేదు, మీరే ఇక్కడికి రావాలి. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. మా తమ్ముడు వకీలు, అదీ ఖర్చు లేదు. "మీ బిడ్డ వేగం, మీ ఇష్టం" అన్న ఆ ప్రకటన బ్రోషర్ నా దగ్గర భద్రంగా ఉంది, తప్పుదోవ పట్టించే ప్రకటనలకు పది లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది, వాళ్లకూ ఒక కాపీ పంపుతాను. నా మాట మీద కిట్ కొన్నవాళ్లందరికీ ఈ ఉత్తరం ఇప్పటికే పంపాను.

ఫోన్ చేసేవాళ్లు మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, పొద్దున మాకు పాఠాలుంటాయి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి, హనుమకొండ

జతపరిచినవి: బిల్లు, ఆర్డర్ పేజీ ఫొటో, మూసేసిన టికెట్ల స్క్రీన్‌షాట్లు, "పరిష్కరించబడింది" అన్న మెసేజ్.

తా.క. మీ వెబ్‌సైట్‌లో "ఆనందంగా ఉన్న తల్లిదండ్రులు" అనే పేజీలో మా ఫొటో ఇంకా ఉంది. ఈ వారంలో తీసేయండి. దానికి ఏ టీమ్ అని మాత్రం నన్ను అడగకండి.