స్పామ్ ఫోల్డర్‌లో ఇకపై 60 రోజులే: మా ఖాతాదారులకు వివరణ

చెన్నైలో జార్జిటౌన్, టీ నగర్, అంబత్తూరు ప్రాంతాల వ్యాపారస్తులకు, ఆడిటర్లకు, ప్రింటింగ్ ప్రెస్సుల వారికి సొంత డొమైన్ మీద మెయిల్ సేవ అందిస్తున్న మా చిన్న సంస్థ తరఫున ఈ సంగతి తెలియజేస్తున్నాను. వచ్చే నెల 1వ తేదీ నుంచి మీ స్పామ్ ఫోల్డర్‌లోనూ, ట్రాష్‌లోనూ 60 రోజులకు మించి పడి ఉన్న మెయిళ్లు సర్వర్ నుంచి వాటంతట అవే తొలగిపోతాయి. ఇన్‌బాక్స్, సెంట్, మీరు పేర్లు పెట్టి ఏర్పాటు చేసుకున్న ఫోల్డర్ల జోలికి మేము పోము. జీఎస్టీ చట్టం లెక్కల పుస్తకాలను, రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచమంటుంది; కంపెనీల చట్టం 8 ఆర్థిక సంవత్సరాలు అంటుంది. అటువంటి కాగితాలు ఎవరి ఇన్‌బాక్స్‌లో ఎక్కడ ఉన్నాయో మాకు తెలియదు, తెలుసుకునే హక్కూ మాకు లేదు.

డిస్కు చాలకనే ఈ ఏర్పాటు అని కొందరు అనుకోవచ్చు. నిజానికి చిక్కంతా బ్యాకప్ దగ్గర ఉంది. మా సర్వర్ మెయిల్‌డిర్ పద్ధతిలో పనిచేస్తుంది. అంటే ఒక్కొక్క మెయిలు ఒక్కొక్క ఫైలుగా ఉంటుంది. లాటరీ తగిలిందని చెప్పే నాలుగు ముక్కల మెయిలైనా, శుభలేఖ డిజైన్లు జతచేసిన 20 ఎంబీ మెయిలైనా బ్యాకప్ ప్రోగ్రాము దృష్టిలో ఒక ఫైలే, రెంటినీ విడివిడిగా పలకరించి ముందుకు సాగవలసిందే. స్పామ్ ఆక్రమించే చోటు తక్కువే, కానీ ఫైళ్ల సంఖ్య విపరీతం. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చూసినవాళ్లం కాబట్టి బ్యాకప్ ప్రతిని చెన్నైలోనే ఉంచకుండా ప్రతి రాత్రి హైదరాబాదుకు పంపుతున్నాము. ఆ పని ఇప్పుడు కొట్లు తెరిచే వేళకు కూడా పూర్తి కావడం లేదు. ఉదయం పూట మెయిలు నెమ్మదిగా తెరుచుకుంటున్నదని మీలో చాలామంది చేస్తున్న ఫిర్యాదుకు కారణం అదే.

మీ మెయిలు పెట్టెకు ఇచ్చే చోటు (కోటా) పెంచి, నెలకు కొంత అదనంగా వసూలు చేసి ఊరుకోవచ్చు. మాకు అది లాభసాటి బేరమే. ఎవరూ చదవని చెత్తకు మీ చేత అద్దె కట్టించడం నాకు నచ్చలేదు, పైగా దానివల్ల బ్యాకప్ ఇంకా ఆలస్యమవుతుంది.

ఇక 60 రోజుల లెక్క ఎలా వచ్చిందో చెప్పాలి. జీమెయిల్ స్పామ్‌ను 30 రోజులకు తొలగిస్తుంది, మేమూ తొలుత అదే గడువు పెట్టుకుందామనుకున్నాము. అయితే మన వ్యాపారాల్లో పోయిన మెయిలును వెతికే సందర్భం ఎప్పుడు వస్తుందో ఆలోచించండి. సరకు పంపిన వ్యాపారి ఈ నెల 1వ తేదీన పంపిన ఇన్‌వాయిస్ స్పామ్‌లో పడిందనుకుందాం. ఆయన వచ్చే నెల 11లోగా జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేస్తారు, 14న మీ జీఎస్టీఆర్-2బీ (మీకు సరకు అమ్మినవారు చూపిన బిల్లుల పట్టిక) తయారవుతుంది, అందులో ఆ ఇన్‌వాయిస్ నంబరు కనబడినా మీ పుస్తకాల్లో లేదని మీ గుమాస్తా అప్పుడు గమనిస్తారు, 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క చూపే నెలవారీ రిటర్ను) వేసేలోగా దానికోసం వెతుకులాట మొదలవుతుంది. అప్పటికి ఆ మెయిలు వచ్చి నెలన్నర దాటి ఉంటుంది. 30 రోజుల గడువు పెట్టి ఉంటే సరిగ్గా అవసరమైన సమయానికి అది సర్వర్‌లో ఉండదు. మూడు నెలలకొకసారి రిటర్ను వేసేవారికి 60 రోజులు కూడా చాలకపోవచ్చు; అటువంటివారు మాకు ఒక్క మాట రాస్తే వారి డొమైన్ వరకు గడువును 120 రోజులకు పెంచుతాము, దీనికి అదనపు రుసుము లేదు.

రోజులను మెయిలు మీద ఉన్న తేదీ నుంచి కాక, అది ఆ ఫోల్డర్‌లోకి చేరిన రోజు నుంచి లెక్కిస్తాము. 2019 నాటి మెయిలును ఈ రోజు ట్రాష్‌లోకి పంపితే దానికి ఈ రోజు నుంచి 60 రోజులు ఉంటాయి.

మంచి మెయిలు స్పామ్‌లో ఎందుకు పడుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. శివకాశి నుంచి ఒక కాగితం వ్యాపారి ఆండర్సన్ వీధిలోని దుకాణానికి ధరల పట్టిక పంపుతారు. మెయిలులో ఒక్క అక్షరం రాయరు, పట్టికను ఫోటో తీసి బొమ్మగా పెడతారు. సబ్జెక్టు మొత్తం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మెయిలు నిజంగా వారి డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఏర్పాట్లు వారికి ఉండవు. మేము వాడే స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టరు ఈ ఒక్కొక్క లక్షణానికి కొన్ని పాయింట్లు కలుపుతూ పోతుంది, మొత్తం 5కు చేరితే మెయిలు స్పామ్‌లోకి వెళుతుంది. ఏ ఒక్క లక్షణమూ నేరం కాదు, అన్నీ కలిస్తే మాత్రం దొంగ మెయిలుకూ దానికీ తేడా తెలియదు. ఇలా జరిగినప్పుడు కొందరు ఫిల్టరునే తీసేయమని అడుగుతున్నారు; ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే అవుతుంది కనుక మేము ఒప్పుకోవడం లేదు. అటువంటి మెయిలును స్పామ్‌లోనే చదివి వదిలేయకుండా ఇన్‌బాక్స్‌లోకి జరపండి. జరిపినప్పుడే అది మంచి మెయిలని మా ఫిల్టరు నమోదు చేసుకుంటుంది. అలా నేర్చుకున్నది వేరే చోట భద్రంగా ఉంటుంది కాబట్టి పాత మెయిళ్లు తొలగినంత మాత్రాన ఫిల్టరు దానిని మరచిపోదు.

ఈ విషయంలో పాప్3 (మెయిళ్లను సర్వర్ నుంచి కంప్యూటరులోకి దించుకునే పాత పద్ధతి) వాడుతున్నవారు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. పాత పద్ధతిలో అవుట్‌లుక్ పెట్టుకున్న దుకాణాలు మన ఖాతాదారుల్లో ఇంకా తక్కువేమీ కాదు. పాప్3 ఇన్‌బాక్స్‌ను మాత్రమే దించుకుంటుంది; స్పామ్ అనే ఫోల్డర్ సర్వర్‌లో ఉన్నదన్న సంగతే వారి కంప్యూటరుకు తెలియదు. వీరి కోసం, అడిగిన ఇతరుల కోసం కూడా, వచ్చే నెల నుంచి ప్రతి ఉదయం ఇన్‌బాక్స్‌కు ఒక చిన్న జాబితా వస్తుంది. అందులో ముందు రోజు స్పామ్‌లో పడిన మెయిళ్లు ఎవరి నుంచి వచ్చాయి, సబ్జెక్టు ఏమిటి అన్న రెండే వివరాలు ఉంటాయి. లింకులు ఉండవు, ఎందుకంటే ఇటువంటి జాబితాలను అనుకరించి పాస్‌వర్డులు కాజేసే మోసగాళ్లు ఉన్నారు. మా పేరుతో లింకున్న జాబితా ఏదైనా వస్తే అది మేము పంపినది కాదని గ్రహించండి. కావలసిన మెయిలును వెబ్‌మెయిల్ తెరిచి ఇన్‌బాక్స్‌లోకి జరుపుకోవాలి.

స్పామ్‌లో పడింది, మేము చూడలేదు అన్న మాట ఎల్లవేళలా చెల్లదని కూడా చెప్పక తప్పదు. జీఎస్టీ చట్టం 169వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషనులో ఇచ్చిన ఈమెయిలుకు పంపిన నోటీసు అందజేసినట్టే లెక్క. నోటీసుల కోసం ఇచ్చిన చిరునామా మా సర్వర్ మీదిదైతే ఆ ఒక్క పెట్టె స్పామ్ జాబితానైనా ఎవరో ఒకరు రోజూ చూసేలా ఏర్పాటు చేసుకోండి.

గడువు దాటి తొలగిన మెయిలును తిరిగి తెచ్చి ఇవ్వడం మా వల్ల కాదు, ఎందుకంటే స్పామ్ ఫోల్డర్లను ఇకపై బ్యాకప్‌లో చేర్చడం లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను, అంటే మెయిళ్ల రాకపోకల నమోదులను మాత్రం 180 రోజులు ఉంచుతాము. వాటిని చూసి ఫలానా చిరునామా నుంచి ఫలానా రోజు మెయిలు వచ్చింది, స్పామ్‌లోకి వెళ్లింది అని చెప్పగలము. అందులో ఏముందో చెప్పలేము, కానీ పంపినవారిని మళ్లీ పంపమని అడగడానికి ఆ ఆధారం చాలు.

పాయింట్లు 15 దాటిన మెయిలును స్పామ్‌లో పెట్టకుండా సర్వర్ గుమ్మం దగ్గరే తిప్పికొట్టడం కూడా అదే రోజు మొదలవుతుంది. ఇది కఠినంగా అనిపించినా నా దృష్టిలో స్పామ్ ఫోల్డర్ కన్నా నిజాయితీ గల పద్ధతి: తిరస్కరిస్తే పంపినవారికి వారి సర్వరే ఆ సంగతి తెలియజేస్తుంది, స్పామ్‌లో పెడితే వారు అందిందనుకుంటారు, మీరు రాలేదనుకుంటారు.

వెబ్‌మెయిల్ ‘స్పామ్’ అని, ఫోన్లు ‘జంక్’ అని, అవుట్‌లుక్ ‘జంక్ ఈ-మెయిల్’ అని వేర్వేరు ఫోల్డర్లు తయారుచేయడం వల్ల కొన్ని పెట్టెల్లో ఒకే పనికి మూడేసి ఫోల్డర్లు ఉన్నాయి. వాటన్నిటినీ ఈ నెలాఖరులో ‘స్పామ్’ ఒక్కదానిలో కలిపేస్తాము. కలిపిన మెయిళ్లకు 60 రోజుల లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి వెతుక్కోవడానికి అందరికీ వ్యవధి ఉంటుంది. దాచుకోదలచిన మెయిళ్లను ట్రాష్‌లో పెట్టుకునే అలవాటు ఉన్నవారు, అటువంటివారు ఉన్నారని నాకు తెలుసు, వాటిని ‘పాతవి’ అని మరో ఫోల్డర్ తెరిచి అందులోకి జరుపుకోవాలి. ఒక్కొక్కటిగా జరపడం కష్టమైతే 25వ తేదీలోగా మాకు రాయండి, మొత్తం ట్రాష్‌ను మా వైపు నుంచే ఆ పేరుతో మారుస్తాము.