డబ్బింగ్ చెప్పినవారి పేర్లు కూడా వేయండి

సంపాదకుడు గారికి,

ఓటీటీలు వచ్చాక కొరియా సిరీస్ అయినా, హాలీవుడ్ సినిమా అయినా ఇంటిల్లిపాదీ తెలుగులోనే చూస్తున్నాం. నటుడెవరో, దర్శకుడెవరో అడిగితే చెప్పగలం. రెండు గంటలసేపు మనతో తెలుగులో మాట్లాడిన ఆ గొంతు ఎవరిదంటే మాత్రం చెప్పలేం. చాలాసార్లు వెతికినా దొరకదు. ఇటలీలో ఇలా ఉండదు. అక్కడి డబ్బింగ్ కళాకారుడు ఫెరుచ్చో అమెండోలా గురించి మన పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెండోలా 1930లో టూరిన్‌లో నటుల కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే మైకు ముందు నిలబడ్డారు. రొస్సెల్లినీ తీసిన 1945 నాటి ‘రోమ్, ఓపెన్ సిటీ’లో మార్చెల్లో అనే పిల్లవాడి మాటలు ఆయనవే. తర్వాత తెర మీద వేషాలు వేశారు, టీవీ సీరియళ్లలో పెద్ద పాత్రలూ చేశారు. అయినా జనం ఆయన్ని గుర్తుపట్టింది గొంతుతోనే. రాబర్ట్ డి నీరో, అల్ పచీనో, డస్టిన్ హాఫ్‌మన్, సిల్వెస్టర్ స్టాలోన్... ఈ నలుగురికీ ఎన్నో సినిమాల్లో ఇటాలియన్ మాటలు చెప్పింది ఆయనే. ‘టాక్సీ డ్రైవర్’లో అద్దం ముందు తనలో తాను మాట్లాడుకునే డి నీరోకు చెప్పారు. ‘టూట్సీ’లో ఆడవేషం కట్టిన హాఫ్‌మన్‌కూ చెప్పారు. ‘రాకీ’ మొదటి భాగంలో స్టాలోన్ గొంతు జీజీ ప్రొయెత్తిది. రెండో భాగం నుంచి అదీ అమెండోలాకే వచ్చింది. క్యూబాలో పుట్టిన తొమాస్ మిలియన్ అచ్చమైన రోమ్ వీధి మనిషిగా నవ్వించిన సినిమాల్లో ఆ యాస కూడా అమెండోలాదే.

ఇన్ని గొంతులు ఒక్కడివే అయితే ఒకరోజు చిక్కు రాక తప్పదు. 1995లో ‘హీట్’ వచ్చింది. అందులో డి నీరో, పచీనో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకుంటారు. రెండు వైపులా ఒకే గొంతు వినిపిస్తే ఎలా? డి నీరోకు అమెండోలా ఉండిపోయారు, పచీనోకు పేరున్న నటుడు జాన్‌కార్లో జన్నీనీ చెప్పారు. ఒక దేశపు ప్రేక్షకులకు డబ్బింగ్ గొంతులు ఎంత దగ్గరవుతాయో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించలేదు.

నిజానికి ఈ కళ అక్కడ వేళ్లూనడానికి కారణం అంత మంచిది కాదు. ముస్సోలినీ ప్రభుత్వం సినిమాల్లో పరభాషా సంభాషణలు వినపడనివ్వలేదు. డబ్బింగ్ ఇటలీలోనే జరగాలని 1933లో చట్టం చేసింది. ఆ ప్రభుత్వం పోయినా పని మిగిలింది, పనివాళ్లకు గౌరవమూ దక్కింది. అక్కడి సినిమా పాత్రికేయులు ఇచ్చే నాస్త్రో దార్జెంతో పురస్కారాల్లో డబ్బింగ్‌కూ చోటుంది. అమెండోలా 2001లో కన్నుమూశాక డి నీరోకు స్తెఫానో దె సాందో, స్టాలోన్‌కు మాస్సిమో కోర్వో గొంతు ఇచ్చారని అక్కడి అభిమానులు పేర్లతో సహా చెబుతారు.

మనకు మాత్రం ఏం తక్కువ? కమల్‌హాసన్‌కు తెలుగులో మాట్లాడిన బాలు గారు, రాజశేఖర్‌కు గొంతునిచ్చిన సాయికుమార్ గారు అందరికీ తెలుసు. అయితే బాలు గారు గాయకుడు, సాయికుమార్ గారు నటుడు. కేవలం డబ్బింగే వృత్తిగా బతికేవాళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

ఇది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న. ఫ్రాన్స్‌లో దశాబ్దాలపాటు స్టాలోన్‌కు గొంతునిచ్చిన అలైన్ డోర్వాల్ 2024లో చనిపోయారు. ఏడాది తిరక్కుండానే ఆయన గొంతును కృత్రిమ మేధతో మళ్లీ పుట్టించి కొత్త సినిమాకు వాడబోతున్నామని ఒక కంపెనీ ప్రకటించింది. తాను ఒప్పుకున్నది ప్రయోగానికి మాత్రమేనని ఆయన కూతురు చెప్పాల్సి వచ్చింది. ఇటలీ డబ్బింగ్ కళాకారులు 2023లో సమ్మెకు దిగినప్పుడు పారితోషికంతో పాటు ఈ భయమూ వాళ్ల డిమాండ్లలో ఉంది. మన దగ్గర గొంతు ఎవరిదో తెలియకుండానే సినిమా అయిపోతుంది. రేపు ఆ గొంతును మిషన్ కాపీ కొడితే, అది ఫలానా మనిషిదని సాక్ష్యం చెప్పేదెవరు?

నిర్మాతలనూ ఓటీటీ సంస్థలనూ అడిగేవి రెండే. తెలుగు వెర్షన్ మొదట్లోనే డబ్బింగ్ కళాకారుల పేర్లు, ఎవరు ఏ పాత్రకు చెప్పారో వేయాలి. రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఎవరి గొంతునూ కృత్రిమ మేధకు ఇవ్వకూడదని కాంట్రాక్టులో రాయాలి. మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. డబ్బింగ్ సినిమా సమీక్షలో సంగీతం, ఛాయాగ్రహణం, కూర్పు అని పేర్లిచ్చే చోట ‘తెలుగు గొంతులు’ అని ఇంకొక్క వరుస చేర్చండి. పేర్లు పంపమని మీ పత్రిక అడిగితే పంపిణీదారులు కాదనరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి