పీల్చే యాంటీబయాటిక్ ఆపెయ్యమని చెప్పకండి

సంపాదకుడి గారికి,

యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడొద్దని మీ పత్రికలో తరచూ రాస్తున్నారు. మంచి పని, జలుబుకి కూడా అవే మింగే అలవాటు పోవాలి. కానీ అవి చదివినవాళ్లు మా ఇంటికొచ్చి "ఏళ్ల తరబడి పిల్లాడికి ఇదేం మందమ్మా, ఆపెయ్యి" అంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మా వాడికి సిస్టిక్ ఫైబ్రోసిస్, పుట్టుకతో వచ్చిన జన్యులోపం. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా గట్టిపడిపోతుంది, అందులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరి తన చుట్టూ పొర కట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి పాతుకుపోయాక దాన్ని పూర్తిగా వదిలించడం చాలా కష్టం, అందుకే కఫం పరీక్షలో మొదటిసారి కనపడగానే డాక్టర్లు పీల్చే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. మా వాడి విషయంలో ఆ దశ దాటిపోయింది. ఇప్పుడు దాన్ని అణిచి ఉంచడమే మేం చేయగలిగింది.

వాడేది టోబ్రామైసిన్. నరానికి ఎక్కిస్తే కఫంలోకి చేరేది కొంచెమే, డోసు పెంచితే కిడ్నీలకీ చెవులకీ ముప్పు. పీలిస్తే నేరుగా కావాల్సిన చోటికే వెళ్తుంది, రక్తంలో కలిసేది చాలా తక్కువ. నెబ్యులైజర్‌లో, అంటే మందుని సన్నటి తుంపరగా చేసి పీల్పించే మెషీన్‌లో, 300 మిల్లీగ్రాములు, రోజుకు 2 సార్లు, 28 రోజులు వాడి 28 రోజులు ఆపాలి. అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చిన మందు ఇది, కొత్త ప్రయోగమేమీ కాదు. విరామంలో మెషీన్‌లో ఆ మందు లేకపోవడం చూసి "తగ్గిపోయిందా?" అని అడుగుతారు. తగ్గలేదండీ. బ్యాక్టీరియా మందుకి అలవాటుపడకుండా ఉండాలనే ఆ విరామం. మందులకు లొంగని క్రిముల భయం మాకు అందరికంటే ఎక్కువే, ఎందుకంటే మా పిల్లలకు పనికొచ్చే మందులే కొన్ని.

పొద్దున్నే ముందు శ్వాసనాళాలు వదులయ్యే మందు, తర్వాత ఉప్పునీళ్ల నెబ్యులైజేషన్, వీపు తట్టి కఫం తీయించడం, అవన్నీ అయ్యాకే యాంటీబయాటిక్, ఆ పైన మెషీన్‌లో మందు పోసే కప్పు కడిగి మరిగించి ఆరబెట్టడం, ఇదంతా స్కూలు టైమ్‌కి ముందే అవ్వాలి. ఇంత ఓపిగ్గా చేసే పిల్లాడు మొన్న "అందరూ వద్దంటున్నారుగా అమ్మా, మానేద్దామా" అని అడిగాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈసారి యాంటీబయాటిక్స్ గురించి రాసేటప్పుడు ఒక్క వాక్యం చేర్చండి: దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుకి డాక్టర్ రాసిన మందుని డాక్టర్ని అడక్కుండా ఆపొద్దని.

ఇట్లు,
ఒక తల్లి